కొండదారికి సరిపడా గాలి

కొండ మీది వాతావరణ కేంద్రం
వానలకు ముందు

బావా,

క్షేమంగా చేరాను. ఇక్కడ గాలికి తప్ప ఎవరికీ తొందర లేదు. పొద్దునా సాయంత్రమూ గాలి ఎటు తిరిగిందో, ఎంత జోరుగా వీచిందో చూసి రేడియోలో కింది ఆఫీసుకి చెప్పాలి. మిగతా వేళంతా మబ్బులు గదిలోకి దూరకుండా తలుపులు వేసుకుంటూ కూర్చోవాలి. తోడుకి ఒక వంటాయన ఉన్నాడు గానీ ఆయనకీ మాటలకీ పడదు. ఫోను పలకదు. సరుకులు తెచ్చే జీపు డ్రైవరే మాకు పోస్ట్‌మాన్. కాబట్టి ఏడాది పాటు నా కోడిగీతలు నీకు తప్పవు.

అసలు సంగతికి వస్తాను. మనిషిని ఇక్కడున్నా నా ప్రాణం నీ వర్క్‌షాపులో బుసలమ్మ బానెట్ కిందే ఉంది. నేను లేనని దాన్ని మూల నిలబెట్టి, పైన పాత టైర్లు పేర్చావో, జీపెక్కి దిగి వచ్చేస్తాను. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడల్లా ఆ కారు బుస్సుమనే తీరుకి ఆ పేరు పెట్టింది నువ్వే కదా, కన్నతండ్రిలా చూసుకో.

ఎండాకాలంలో కొండదారి పందెం నాటికి దిగి వస్తాను. పోయినసారి ఎందుకు వెనకబడ్డానో నీకు చెప్పే ఉన్నాను. బండికి బలం చాల్లేదు, అంతే. ఈసారి టర్బో బూస్ట్ బాగా పెంచు. మొహమాటపడకు.

బయల్దేరే ముందు అక్క "అసలా టర్బో ఏం చేస్తుందిరా?" అని అడిగింది. పొగగొట్టంలోంచి పోయే వేడిగాలితో ఒక చిన్న చక్రం తిరుగుతుంది, ఆ చక్రం బయటి గాలిని పట్టి ఇంజన్‌లోకి దట్టిస్తుంది, ఎంత గాలి దట్టిస్తే అంత పెట్రోలు కాలుతుంది, అంత బలం అని చెప్పాను. ఆ దట్టించడాన్నే బూస్ట్ అంటామన్నాను. మీ ఆవిడ ఏమందో తెలుసా? "అంటే వద్దన్నా కుక్కి తినిపించడం. మా వార్డులో పిల్లలకి అలా తినిపిస్తే కక్కుతారు" అంది. నర్సుని చేసుకున్నావు, అనుభవించు.

నీ బామ్మర్ది

*

వర్క్‌షాపు
మొదటి వాన పడ్డ వారం

ఒరే బామ్మర్దీ,

నీ బుసలమ్మ మీద టైర్లు పేర్చలేదు. దుప్పటి కప్పాను. పిల్లి పడుకుంటోంది.

నిన్న రోలర్ల మీద ఎక్కించాను. నాలుగు పట్టాలూ కట్టి, ముందు ఫ్యాను పెట్టి, నిలబెట్టిన చోటే పరుగెత్తించాను. నువ్వు గొప్పలు చెప్పుకున్న బలం అందులో లేదు. ఎందుకు లేదంటే టర్బో నుంచి ఇంజన్‌కి గాలి తీసుకెళ్ళే గొట్టం దగ్గర క్లాంపు వదులైంది. దట్టించిన గాలిలో కొంత అక్కడే తుస్సుమని పోతోంది. నువ్వు ఆ తుస్సుని కూడా బుస అనుకుని మురిసిపోయినట్టున్నావు. క్లాంపు మార్చాను. ప్లగ్గులు నల్లగా మసిపట్టి ఉంటే అవీ మార్చాను. మళ్ళీ పరుగెత్తిస్తే, ఇప్పుడు అడిగినదానికి సమాధానం చెబుతోంది.

నా సలహా విను. బూస్ట్ కొంచెం పెంచి ఆపేద్దాం. ఇంజన్ పాతది. కొండదారి అంటే సూటిగా పరుగెత్తే రోడ్డు కాదు, అడుగడుగునా మెలిక. అక్కడ పనికొచ్చే బలం వేరు, నలుగురికి చెప్పుకునే బలం వేరు. ఆలోచించుకుని రాయి.

ఇంట్లో అందరం బాగున్నాం. కాలింగ్ బెల్ పాడైతే కొత్తది పెట్టించాను. అదీ మోగి చావడం లేదు. ఈ రోజుల్లో ఏ వస్తువూ నమ్మేట్టు లేదు.

నీ బావ

*

కొండ మీద
మబ్బులోంచి

బావా,

ఆలోచించుకోవడానికి ఇక్కడ నాకు వేరే పనేముంది? ఆలోచించాను. పెంచు.

"కొంచెం పెంచి ఆపేద్దాం" అని మా బావేనా రాసింది? కుర్రకారు వర్క్‌షాపు చుట్టూ తిరిగేది ఎవరికోసం? ఈ ఊళ్ళో ఇంజన్ మీద చెయ్యి వేసి దాని జాతకం చెప్పేది నువ్వు కాదూ? వయసు మీద పడి భయం పట్టుకుందని చెప్పు, ఒప్పుకుంటాను.

మలుపుల సంగతి నాకు వదిలెయ్. మలుపుకీ మలుపుకీ మధ్య ఉన్న ఆ కాస్త సూటి రోడ్డులో నాకు పిడుగులాంటి బండి కావాలి. మిగతాది నేను చూసుకుంటాను. ఇంజన్‌కి ఏమైనా అయితే నీ తప్పు కాదు, ఈ ఉత్తరమే సాక్ష్యం.

చేతనైతే చెయ్యి. చేతకాకపోతే చెప్పు.

నీ బామ్మర్ది

తా.క. కోపం వచ్చిందా? రావాలనే రాశాను.

*

వర్క్‌షాపు
వానలు జోరుగా

ఒరే,

చేతకాకపోవడం మా వంశంలో లేదు.

మూడు రోజులు బుసలమ్మతోనే గడిపాను. పెట్రోలు పంపు పెద్దది వేశాను, బండి కంప్యూటర్‌లో లెక్కలన్నీ మొదటి నుంచి తిరగరాశాను. తర్వాత బూస్ట్ మెల్లగా పెంచుకుంటూ పోయాను.

ఇలాంటప్పుడు భయపడాల్సింది ఒక్కటే. సిలిండర్‌లో పెట్రోలు నిప్పురవ్వ పడ్డాక వరసగా కాలాలి. గాలి మరీ దట్టిస్తే రవ్వ కోసం ఆగకుండా తనంతట తనే భగ్గుమంటుంది. నాకింగ్ అంటాం. రేకుడబ్బాలో గులకరాళ్ళు కదిలినట్టు చప్పుడు వస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే పిస్టన్లు ముక్కలవుతాయి. అందుకే ఇంజన్‌కి చిన్న మైకు బిగించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. బండిలో దీనికోసం ఒక సెన్సార్ ఉంది గానీ అది ఉలికిపాటు మనిషి లాంటిది. చీమ చిటుక్కుమన్నా గగ్గోలు పెడుతుంది. దాని నోరు మూయించి నా చెవినే నమ్ముకున్నాను.

గులకరాయి కాదు కదా, ఇసుకరేణువు కూడా కదల్లేదు. వెన్నలా నడిచింది. ఇంకా పెంచాను. అయినా వెన్నే. నువ్వు అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాను, తీసుకో. రోలర్ల గదిలో గోడకున్న క్యాలెండర్ ఊడి కింద పడింది.

వయసు మీద పడిందన్నావు కదా.

నీ బావ

*

కొండ మీద

బావా, బావా, బావా!

ఉత్తరం చదివి వంటాయన భుజాలు పట్టుకుని ఊపేశాను. పాపం, భూకంపమనుకున్నాడు.

పందెం వాళ్ళకి నా పేరు పంపేశాను. ఇక్కడ గాలి కొలిచే మిషను పక్కన నిలబడి కళ్ళు మూసుకుంటే స్టీరింగ్ చేతిలో ఉన్నట్టే ఉంటోంది. నీ చెవులకి బంగారు పోగులు చేయిస్తాను.

నీ బామ్మర్ది

*

ఇల్లు
వానలు తగ్గుముఖం

ఒరే బామ్మర్దీ,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపేశాను. సూటిగా చెప్పేస్తాను.

బుసలమ్మ ఇంజన్ విప్పాను. ఒక పిస్టన్ అంచు విరిగిపోయి ఉంది. ఇంకొకటి ఎలుక కొరికినట్టుంది. ఆ రోజు వెన్నలా నడిచిందని రాశాను చూడు, అప్పుడు విరిగినవే అవి.

ఎలా తెలిసిందంటే, మొన్న చివరిసారి చూసుకుందామని మళ్ళీ రోలర్ల మీద ఎక్కించాను. మీ అక్క డ్యూటీకి వెళ్తూ తాళంచెవి ఇవ్వడానికి వచ్చి గది బయట నిలబడింది. నేను ఇంజన్ ఆపి బయటికి రాగానే, "లోపల కంకర పోస్తున్నావా?" అంది.

"కంకరేంటి?"

"చప్పుడు. టకటకటకమని. నీకు వినపళ్ళేదా?"

లేదన్నాను. అద్దం అవతల, ఫ్యాను హోరులో నుంచొని ఆవిడ విన్న చప్పుడు, హెడ్‌ఫోన్లు పెట్టుకుని నేను వినలేదు. నవ్వి పంపేద్దామనుకున్నాను. ఆవిడ కదల్లేదు. "అదిగో బయట పిట్ట. వినపడుతోందా?" అంది. వినపడలేదు. "బెల్లు పాడవ్వలేదు. పాతదీ, కొత్తదీ రెండూ బాగానే మోగాయి. ఎన్నాళ్ళ నుంచి చెబుతున్నాను, వింటేగా" అంది. ఆ మాటకి ఇద్దరం నవ్వాలి. నవ్వలేదు.

చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మనుషుల మాటలు, లారీ మోత, ఇంజన్ గుడగుడ అన్నీ వినపడతాయి. సన్నని, పదునైన చప్పుళ్ళు పోయాయి. తిరిగి రావట. చిన్నప్పటి నుంచి ఈ హోరులో పనిచేసిన ఫలం. పోతున్నట్టు నాకు అనుమానం లేకపోలేదు. వినికిడి ఉందనుకుంటే ఉన్నట్టే కదా అని ఊరుకున్నాను. నువ్వు "చేతకాకపోతే చెప్పు" అన్నప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆ బండితో నువ్వు కొండెక్కి ఉంటే ఏ మలుపులో ఇంజన్ పగిలేదో, ఆ ఆయిల్ నీ చక్రాల కిందే పడి బండి ఎటు జారేదో. ఆ ఆలోచన రాగానే చేతిలో పని వదిలేసి బయటికి వచ్చి కూర్చుంటున్నాను.

పిస్టన్లు కొత్తవి తెప్పిస్తున్నాను. ఆ భారం నాది. తర్వాత ఏం చేయమంటావో నువ్వే చెప్పు.

నీ బావ

*

వాతావరణ కేంద్రం

బావగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది.

ఇంజన్ విరిగినందుకు నాకు బాధ లేదు. మీకు వినపడదని మీకు తెలిసి కూడా "వెన్నలా నడిచింది" అని రాశారు. అదే నాకు మింగుడు పడటం లేదు. మీ చెవిని నమ్మి నేను ఆ బండిలో కూర్చునేవాణ్ణి.

దయచేసి బండిని ఇక ముట్టుకోకండి. పిస్టన్లతో సహా, ఒకప్పుడు మీతో కలిసి పనిచేసిన మీసాలాయన వర్క్‌షాపుకి పంపించండి. మీకూ ఆయనకీ మాటలు లేవని తెలుసు. టో వ్యాన్‌వాడితో పంపితే చాలు.

అక్కని అడిగానని చెప్పండి.

ఇట్లు
మీ బావమరిది

*

వర్క్‌షాపు

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

నీవు కోరిన ప్రకారం బండిని, విప్పిన ఇంజన్‌ని, కొత్త పిస్టన్లని మీసాలాయనకి అప్పగించడమైనది. టో వ్యాన్‌లో నేనే వెళ్ళాను. విప్పినవాడు చెప్పకపోతే బిగించేవాడికి ఇబ్బంది.

ఇంతకంటే రాయవలసినది లేదు.

ఇట్లు
బావ

*

ఆసుపత్రి, నర్సుల గది
మధ్యాహ్నం

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరమూ, ఇంకా జీపుకి ఇవ్వని మీ బావ ఉత్తరమూ బల్ల మీద ఉంటే చదివాను. చదవకూడదంటే దాచుకోవాల్సింది. "మీరు" అట, "అప్పగించడమైనది" అట. కోర్టు నోటీసులు కూడా ఇంతకంటే ప్రేమగా ఉంటాయి.

మీ బావ తప్పు చేశాడు. నేనేమీ వెనకేసుకు రావడం లేదు. ఇంట్లో నేను అనాల్సినవన్నీ అనేశాను, పెద్ద గొంతుతో, వినపడేట్టు.

ఇప్పుడు నీ సంగతి. పోయిన పందెంలో ప్రథమ చికిత్స డేరా దగ్గర నాకు డ్యూటీ పడింది, గుర్తుందా? ఆ పెద్ద మలుపు పక్కనే నా కుర్చీ. నీకంటే ముందు వెళ్ళిన పసుపు కారు అక్కడే లోయలోకి జారింది. ఆయన భుజం ఎముక విరిగితే కట్టు కట్టింది నేనే. తర్వాత నిన్ను మళ్ళీ మొదటి నుంచి బయల్దేరమన్నారు. నువ్వొచ్చావు. మలుపు ఇంకా అంత దూరం ఉండగానే నీ కారు వెనక ఎర్రలైటు వెలిగింది. ఆ పైన కనిపించిన ప్రతి మలుపు దగ్గరా అంతే. మిగతావాళ్ళు ఎక్కడ బ్రేకు వేస్తున్నారో పొద్దున్నుంచీ చూస్తున్నదాన్ని, నాకు తెలీదా?

బండికి బలం చాల్లేదని ఇంటికొచ్చి చెప్పావు. నేను మీ బావతో అన్నాను, "వాడు భయపడ్డాడు, బండిని అంటున్నాడు" అని. ఆయన "వాడే చెప్పనీ. మనం అంటే చిన్నబుచ్చుకుంటాడు" అన్నాడు. ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. నువ్వు అంత రాసినా, కోపంలో కూడా, నీ ఎర్రలైటు సంగతి ఎత్తలేదు.

ఒకాయనకి వినపడటం లేదని చెప్పుకోవడం నామోషీ. ఇంకొకాయనకి భయమేసిందని చెప్పుకోవడం నామోషీ. మధ్యలో ఆ కారుకి నోరుంటే మీ ఇద్దర్నీ తిట్టేది.

నా డ్యూటీ అయ్యేవేళ. ఒంటి మీద చలికోటు వేసుకుంటున్నావా?

అక్క

*

కొండ మీద
చలి మొదలైంది

అక్కా, బావా,

ఈ ఉత్తరం ఇద్దరికీ. పోయిన జీపులోనే పంపాల్సింది. రాయడానికి కూర్చున్నాను గానీ చెయ్యి సాగలేదు.

అక్క చూసింది నిజం.

ఆ రోజు మలుపు దగ్గర జెండా ఊపి నన్ను ఆపేశారు. బండి దిగి అంచు దాకా వెళ్ళాను. కింద పొదల్లో పసుపు కారు పక్కకి ఒరిగి ఉంది. వెనక చక్రం ఇంకా తిరుగుతోంది. మనిషి కనిపించలేదు. తర్వాత కనిపించాడు, లేచాడు, నడిచాడు కూడా. కానీ కనిపించక ముందున్న ఆ కాసేపు నాలో అలాగే ఉండిపోయింది.

మళ్ళీ బయల్దేరినప్పుడు కాలు నా మాట వినలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. మలుపు తిరిగి బయటికి వస్తూ యాక్సిలరేటర్ నొక్కితే మొదట టర్బో ఏమీ అందుకోదు. నొక్కుతూనే ఉంటాం. ఉన్నట్టుండి వెనక నుంచి ఎవరో తోసినట్టు ఒక్కసారిగా అందుకుంటుంది. అదివరకు ఆ తోపంటే నాకు సరదా. ఆ రోజు ప్రతి మలుపులోనూ అదెప్పుడు వస్తుందా అని భయంతో ఎదురుచూశాను.

మలుపుల్లో పోగొట్టుకున్నది సూటి రోడ్డులో సంపాదించుకోవచ్చు అనుకున్నాను. అందుకే అంత బలం అడిగాను. నీకు అబద్ధం చెప్పానని అప్పుడు అనిపించలేదు బావా. బండికి బలం చాల్లేదని నేనే నమ్మేశాను. నీకు వినపడుతోందని నువ్వు నమ్మినట్టే. అది అర్థమయ్యాక నీ మీద కోపం నిలబెట్టుకుందామన్నా నిలవలేదు.

నిన్న వంటాయనకి ఇదంతా చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. అంతా విని, గిన్నె తుడుచుకుంటూ, "బండి తోస్తుందని భయమైతే తోయని బండి చేయించుకోవయ్యా" అన్నాడు. నేనిక్కడికి వచ్చాక ఆయన మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదే.

అలా చేయడం కుదురుతుందా బావా? బండి ఎక్కడున్నా సరే, చేసేది నువ్వే కావాలి. మళ్ళీ "నువ్వు" అంటున్నాను. కోప్పడకు.

నీ బామ్మర్ది

*

మీసాలాయన వర్క్‌షాపు
పగలు, పని మధ్యలో

ఒరే బామ్మర్దీ,

కుదురుతుంది. ఇంకా చెప్పాలంటే అదే చేస్తున్నాం. "చేస్తున్నాం" అని ఎందుకన్నానో చెప్తాను.

ఆ రోజు టో వ్యాన్ దిగి ఇక్కడ నిలబడితే మీసాలాయన బెంచీ మీంచి తలెత్తి చూశాడు. మేమిద్దరం విడిపోయి ఎన్నేళ్ళైందో నీకు తెలుసు. "అడిగినవాడికల్లా అడిగినంతా పెంచుతావు, ఇంజన్ల ఉసురు పోసుకుంటావు" అని ఆయన, "నీకు కొత్తది నేర్చుకోవడం చేతకాదు" అని నేను. పిస్టన్ తీసి ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నీ పనేనా?"

"నాదే."

"వినపళ్ళేదా?"

"లేదు. ఇక వినపడదట."

దెప్పుతాడని కాచుకున్నాను. పిస్టన్ బల్ల మీద పెట్టి, "కూర్చో, నీళ్ళు తాగు" అన్నాడు. తాగాక, "నాకు ఆ కంప్యూటర్ తెర చూస్తే తల తిరుగుతుంది. ఈమధ్య వచ్చే బండ్లన్నీ తిప్పి పంపేస్తున్నా. ఎవరికీ చెప్పలేదు" అన్నాడు.

బండిని అప్పగించి వచ్చేద్దామని వెళ్ళినవాణ్ణి, సాయంత్రానికి ఇద్దరం ఒకే ఇంజన్ మీద తలలు పెట్టి ఉన్నాం. నీకు రాసిన ఆ రెండు ముక్కల ఉత్తరం ఆ మర్నాడు రాసిందే. ఈ సంగతి కావాలనే రాయలేదు. నాకూ అలక ఉంటుంది కదా.

నీ ఉత్తరం వచ్చాక మీసాలాయనకి చదివి వినిపించాను. "టర్బో చిన్నది వేద్దాం" అన్నాం ఇద్దరం ఒకేసారి. పెద్ద టర్బోలో చక్రం బరువు, తిరగడం మొదలెట్టడానికే సమయం పడుతుంది, మొదలెట్టాక ఒక్కసారిగా తోస్తుంది. చిన్నదైతే కాలు ఆనిస్తే చాలు అందుకుంటుంది, నువ్వు నొక్కినంతే ఇస్తుంది. చివర్లో బలం తక్కువ. చెప్పుకోవడానికి పెద్ద అంకె ఉండదు. నీకు సమ్మతమనుకునే వేసేశాం.

ఇప్పుడు బండిని నా రోలర్ల మీదకి తీసుకెళ్ళి మీసాలాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాడు, నేను తెర ముందు. ఆయన చెయ్యెత్తితే నేను తగ్గిస్తాను. మొదటి రోజు అస్తమానం చెయ్యెత్తుతూనే ఉన్నాడు. "ఏం వినపడింది?" అంటే, "ఏం లేదు, నువ్వు మాట వింటున్నావో లేదో చూశా" అన్నాడు. ముసలాడికి మీసాలు తెల్లబడ్డాయి గానీ బుద్ధి తెల్లబడలేదు.

"అంత దూరం నుంచి నేనెందుకు, చెల్లెమ్మనే హెడ్‌ఫోన్లు పెట్టుకోమనొచ్చుగా" అని మీ అక్కని ఉడికించబోయాడు. "నేను గుండెలు వినేదాన్ని, గులకరాళ్ళు కాదు. మీ పని మీరు చూసుకోండి" అని మీ అక్క తేల్చేసింది.

నా చెవికి మిషను పెట్టారు. ఇంట్లో గిన్నెల చప్పుడు ఇంత ఉంటుందని మర్చిపోయాను. అది పెట్టుకున్నా ఇంజన్‌లో గులకరాయిని మాత్రం నమ్మకంగా పట్టలేను, పరీక్షించి చూసుకున్నాను. వచ్చిన ప్రతివాడికీ ముందే చెబుతున్నాను: వినేది ఆయన, చూసేది నేను అని. ఇద్దరు బండ్లు వెనక్కి తీసుకెళ్ళారు. తీసుకెళ్ళనీ. మిగిలినవాళ్ళు ఉన్నారు.

ఒకటి మాత్రం విను. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ చెబుతున్నాను. బండిని నీకు అనువుగా చేయగలం. భయాన్ని మేం విప్పి బిగించలేం. మలుపు దగ్గర నీకు ఎక్కడ బ్రేకు వేయాలనిపిస్తే అక్కడ వెయ్యి. ఎవరి లెక్కా చూడకు. పందేనికి వెళ్ళకపోయినా బుసలమ్మ నీదే, మేం నీవాళ్ళమే.

జీపు ఎప్పుడు దిగుతుందో రాయి. మీ అక్క నీ గది దులిపింది.

నీ బావ

*

కొండదారి కింద, బస గది
ఎండాకాలం, పందెం మర్నాడు పొద్దున్న

బావా,

నువ్వూ మీసాలాయనా అక్క వాళ్ళ ఆసుపత్రి అంబులెన్స్ ఇంజన్ విప్పి కూర్చున్నారు కాబట్టి ఈసారి రాలేనన్నావు. రోగులు ముందు, నేను తర్వాత, ఒప్పుకున్నాను. అందుకే ఫోనులో "అయిపోయింది, బాగున్నాను" అని మాత్రం చెప్పి మిగతాది కాగితం మీద పెడుతున్నాను. ఏడాది పాటు రాసీ రాసీ నీతో ఇలా చెప్పడమే అలవాటైంది.

ముందు ఫలితం. గెలవలేదు. ఫలితాల పట్టికలో నా పేరు వెతకాలంటే కాగితం మడత విప్పాలి. కానీ పోయినసారి కంటే పైనే ఉంది.

సూటి రోడ్డులో బుసలమ్మ అందరికంటే నెమ్మది. అది తెలుస్తూనే ఉంది. మలుపుల్లో మాత్రం ఏం చెప్పను బావా? కాలు ఆనిస్తే కదులుతుంది, తీస్తే తగ్గుతుంది. దానికీ నాకూ మధ్య ఎవరూ లేనట్టుంది. మూడో మలుపు దాటాక నేను తోపు కోసం ఎదురుచూడటం మానేశాను. ఎప్పుడు మానేశానో గమనించలేదు, మానేశాక తెలిసింది.

పెద్ద మలుపు వచ్చింది. భయమేసింది. దాచను. ముందుగానే బ్రేకు వేశాను, అందరికంటే ముందే వేసి ఉంటాను. నువ్వన్నట్టు ఎవరి లెక్కా చూడలేదు. కానీ పోయినసారి బ్రేకు మీద కాలు పెట్టి అలాగే ఉండిపోయాను. ఈసారి తీశాను. మలుపు సగంలో ఉండగానే యాక్సిలరేటర్ మీద ఆనించాను. బండి మెత్తగా అందుకుని పైకి ఎక్కింది.

పైన ముగింపు దగ్గర బండి ఆపి ఊపిరి తీసుకుంటుంటే ఒకాయన వచ్చి అద్దం మీద వేలితో కొట్టాడు. పసుపు కారాయన. ఈ ఏడు పందెంలో లేడు, చూడ్డానికి వచ్చాడు. భుజం బాగా అతుక్కుందని అక్కతో చెప్పమన్నాడు. "కిందకి వెళ్తారా? నన్నూ ఎక్కించుకోండి" అన్నాడు.

బండ్లన్నీ అయ్యాక ఇద్దరం మెల్లగా దిగాం. పెద్ద మలుపు దగ్గర "ఆపుతారా?" అన్నాడు. ఆపాను. దిగి అంచు దాకా వెళ్ళాం. పొదలు మళ్ళీ పెరిగాయి. కారు ఒరిగిన చోట పచ్చగా ఉంది.

"మళ్ళీ చూడలేదు నేను. ఇదే మొదటిసారి" అన్నాడాయన.

"నేనూ అంతే" అన్నాను.

"ఏడాదిగా కలలో వస్తోందండీ. కలలో అడుగు కనపడదు." కాసేపు తొంగి చూసి నా వైపు తిరిగాడు. "ఇదేంటి, ఇంతేనా లోతు?"

నేనూ చూశాను. నిజమే. లోతే గానీ, ఇంతే.

ఇద్దరికీ నవ్వొచ్చింది. మొదట కొంచెం, తర్వాత ఆపుకోలేనంత. రోడ్డు మీద జెండాలు తీస్తున్నవాళ్ళు పని ఆపి మా వైపు చూశారు. నవ్వడం అయ్యాక ఆయన అంచు మీదే కూర్చుని, బూట్లో రాయి పడిందని విప్పి దులుపుకుని, మళ్ళీ వేసుకున్నాడు. తొందరేమీ లేదు. నేను పక్కన కూర్చున్నాను. తర్వాత బండెక్కి, అద్దాలు దించుకుని, కింది దాకా కబుర్లు చెప్పుకుంటూ దిగాం.

మధ్యాహ్నానికి బయల్దేరతాను. దారిలో ఎక్కడా తొందరపడను, అక్కతో చెప్పు.

నీ బామ్మర్ది